తామరపువ్వు కింద

ఎనభై ఎనిమిదిలో నేను తీసిన పెళ్ళి కేసెట్లో, సరిగ్గా తాళి కట్టేవేళకి ఒక తామరపువ్వు విచ్చుకుని తెరంతా నిండింది. అది తప్పుకునేసరికి మూడుముళ్ళూ పడిపోయి ఉన్నాయి.

పెళ్ళికూతురి తండ్రి, నిడదవోలు ఇత్తడి సామాన్ల కొట్టు విశ్వేశ్వరంగారు, లేచి టీవీ ఆపేశారు.

"ఇదేంటండీ? మా అమ్మాయి మెళ్ళో తాళెప్పుడు పడింది?"

"ఎఫెక్టండీ. కొత్త వీడియో మిక్సరు మీద పెట్టాను. మద్రాసులో అందరూ ఇదే అడుగుతున్నారండీ."

మద్రాసు నేను వెళ్ళింది ఒక్కసారే, అదీ కళ్ళజోడు కోసం.

"ఆ పువ్వు తీసి చూపించండి."

తీస్తే కింద షామియానా గుడ్డ తప్ప ఏమీ లేదు. ఆ సంగతి పొక్కితే నన్ను మళ్ళీ ఏ పెళ్ళికీ పిలవరు. అయినా ఇక దాచి లాభం లేదనిపించింది.

"తాళి కట్టడం తియ్యలేదండీ. గట్టిమేళం మోగగానే, 'మీరు మాత్రం పరాయివారా, వెయ్యండి' అంటూ మీరే నా దోసిట్లో అక్షింతలు పోశారు. కెమెరా కుర్చీలో పడేసి, రెండు చేతులా వేశానండీ."

ఆయన భుజాలదిరేలా నవ్వుతూ లోపలికి కేకేశారు.

"ఏమేవ్! మన పిల్లకి కెమెరా ఆయన దీవెన కూడా దక్కిందటే! వీధిలో వాళ్ళందర్నీ పిలు, పువ్వు చూపిద్దాం!"