రెండో పిన్ను

పలాసలో సైకిలు షాపు నడిపే యువరాజు, మందస బస్సు దిగిన రామూర్తి తన షాపు వైపే రావడం చూసి బిగుసుకుపోయాడు.

మడత సైకిలు ముందు తయారుచేసింది రామూర్తే. చేపలమ్మే ఆడవాళ్ళు దాన్ని మడిచి బస్సులో పెట్టుకుని, దిగాక తొక్కుకుపోయేవారు. యువరాజు ఒకటి కొని, విప్పి చూసి, అలాంటిదే తక్కువ ధరకు అమ్మకానికి పెట్టాడు. ఏడాది తిరక్కుండా రామూర్తి దగ్గర కొనేవాళ్ళే లేకుండా పోయారు.

గొడవకే వచ్చాడనుకున్నాడు యువరాజు. రామూర్తి మాత్రం సంచిలోంచి గుప్పెడు ఇనుప పిన్నులు తీసి బల్ల మీద పోశాడు.

“నీ బండికి మడత కాడ ఒక్క పిన్నే ఉంది బావా. గతుకులో అది జారితే బండి మడిసిపోద్ది. మొదట్లో నేనూ ఒక్కటే ఎట్టి బోర్లా పడ్డాను,” అంటూ మోచేతి మీది కుట్ల మచ్చ చూపించాడు. “అందుకే అడుగున రెండోది ఎట్టినాను. లోపలికుంటాది, నీకు అగుపడి ఉండదు. కొన్నోళ్ళందర్నీ పిలు. ఇద్దరం కూకుని బిగించేద్దాం.”

అగుపడలేదని అనేస్తే సరిపోయేది. యువరాజు ఆ కుట్ల మచ్చ వైపు చూశాడు.

“అగుపడింది బావా,” అన్నాడు తల వంచుకుని. “ధర తగ్గుద్దని నేనే తీసేసినాను.”

రామూర్తి అడిగాడు. “ఎవులైనా పడ్డారేటి?”

“ఇద్దరు. గోతులు సూసుకుని తొక్కాలని ఆళ్ళనే తిట్టి పంపినాను.”

రామూర్తి పిన్నులు సంచిలోకి ఎత్తుకుని లేచాడు.

“ముందు ఆళ్ళిళ్ళకే ఎల్దాం, నడు. పిన్ను నేను బిగిత్తాను. నిజం నువ్వే సెప్పాల.”