పద్నాలుగో నెంబరు సెల్లు

"ఈ సెల్లుకి అడుగున ప్లేటేదండీ?"

మలికిపురం సెంటర్లో మురళీమోహన్ టార్చిల షాపుకి పొద్దున్నే వచ్చిన పెద్దాయన అడిగిన మొదటి మాట అది. చంకలో ఓ పాత నూనె డబ్బా, భుజాన గుడ్డ సంచీ. బోణీ కూడా కాలేదు. మురళీమోహన్‌కి ఒళ్ళు మండింది.

"తీసేసేనండి. అదుంటే టార్చి చెప్పాపెట్టకుండా ఠక్కున ఆరిపోద్ది. రొయ్యల చెరువు గట్ల నిండా పాములాయె! కాపలా వాళ్ళు గోల పెడితే ప్లేటు పీకేసి అతుకేసి ఇస్తన్నాను. ఇప్పుడు చివరిదాకా వెలుగుద్ది."

అది రెండు వేల తొమ్మిది. దుబాయ్ నుంచి వచ్చినవాళ్ళు తెచ్చిన లిథియం టార్చిలు చూసి, కాపలా వాళ్ళంతా అవే కావాలంటున్న రోజులు.

"చివరిదాకా వెలగడమేనండి ప్రమాదం," అన్నాడు పెద్దాయన. "మూడు వోల్టులకి దిగేక ఈ సెల్లుని ఆపెయ్యాలి. ఆపేది ఆ ప్లేటే. అది పీకేసి అడుగంటా వాడేసి మళ్ళీ ఛార్జి పెడితే, లోపల పాడై వేడెక్కుద్ది. పేలినా పేలొచ్చు."

"మీకెవరు చెప్పేరు?"

"టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పయ్యేళ్ళు బ్యాటరీల మధ్యనే పనిచేసేనండి."

ఆయన సెల్లు తిప్పి చూశాడు. ఎర్ర ఇంకుతో ఇరవై ఏడు అని ఉంది.

"వారంటీ నెంబరా? అయితే ఇరవై ఆరు బైటున్నాయన్నమాట. ఎవరెవరికిచ్చేరో చెప్తారా? నాకు రెండ్రోజులే టైముందండి."

ఓహో, ఇదా సంగతి! కొత్తగా షాపు పెట్టినవాడెవడో పంపించుంటాడు. బేరాలు చెడగొట్టడానికే వచ్చాడు.

మురళీమోహన్ సెల్లు లాక్కున్నాడు. "నా ఖాతాదార్ల పేర్లు నీకెందుకయ్యా? దయచెయ్యి."

పెద్దాయన కోపం తెచ్చుకోలేదు.

"ఆయ్, మంచిదండి," అని డబ్బా సర్దుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం చెరువు కాపలా అప్పలస్వామి సైకిల్ దిగుతూనే నవ్వాడు.

"మీరు పంపిన పెద్దాయన భలే మంచోరండి!"

"నేను పంపడమేంటి?"

"మీరే పంపేరన్నారు కదండీ. పాత సెల్లు తీసుకుని కొత్తయి రెండిచ్చేరు. ఒక్క పైసా పుచ్చుకోలేదు."

సెల్లులన్నీ పోగేసి కేసు పెడతాడు! షాపు మూస్తారు! పరువు గంగలో కలుస్తుంది!

మురళీమోహన్ షట్టరు లాగేసి బండెక్కాడు.

మొదటి చెరువు దగ్గర, "పొద్దున్నే వచ్చి వెళ్ళేరండి," అన్నారు.

రెండో దగ్గర, "ఇందాకే వెళ్ళేరండి."

మూడో చెరువు గట్టు మీద పాకలో కాపలా ఎలీసమ్మ ఉంది. ఎదురొచ్చి రెండు చేతులూ జోడించింది.

"సెల్లు ఉబ్బిపోయిందంట బాబుగారూ. నా మనవరాలి మంచం కిందే ఛార్జి పెట్టేదాన్ని. మీరు పంపబట్టి సరిపోయింది. మీ పిల్లాపాపా చల్లగుండాలి."

నేను పంపలేదు అనాలి.

"ఆయ్," అన్నాడు మురళీమోహన్. ఆ మాటకి తనకే సిగ్గేసింది.

"కొత్త సెల్లూ ఠక్కున ఆరిపోద్దంటండి. ఆరితే ప్లేటు తన పని చేసినట్టేనంట. రెండోది జేబులో పెట్టుకుంటే భయం లేదన్నారు. ఇకమీదట కొనేటప్పుడు సెల్లు మీద అచ్చేసిన పెద్ద పెద్ద కెపాసిటీ అంకెలు చూసి మోసపోవద్దంట, అడుగున ప్లేటుందో లేదో చూడాలంట." ఆవిడ నిట్టూర్చింది. "నాతోపాటు కాపలా కాసే మా నూకయ్య ఉంటే వాడిదీ మార్పించుకునేవాడు. సెలవు పెట్టి టార్చితో సహా వాళ్ళూరు ఆలమూరు వెళ్ళి రెండు వారాలైంది, ఇంకా రాలేదు."

"అన్నీ దొరికేయంటా ఆయనకి?"

"ఒకటో నెంబరు ఒక్కటే దొరకలేదన్నారండి. ఎవరి దగ్గరుందో తెలీక తెగ కంగారు పడిపోయేరు."

ఒకటో నెంబరు!

ఏ సరుకైనా మొదటిది తన ఇంట్లో వాడాకే బైట అమ్మాలి. అది వాళ్ళమ్మ పెట్టిన ఆనవాయితీ. ఒకటో నెంబరు టార్చి కూతురు కావ్య పడుకునే గదిలో ఉంది.

బండి ఎలా తోలాడో తెలీదు. గుమ్మంలో భార్య అనురాధ నిలబడి ఉంది.

"పాప..."

"నిద్రపోతోందండి. మీరు పంపినాయన వచ్చేరు. మొదటిది ఇంట్లోనే ఉంటుందని ఎలా కనిపెట్టేరో! పాప తల పక్కనే ఛార్జవుతోంది. నేను ముట్టుకుంటే చెయ్యి కాలిపోయింది. ఆయన గబగబా పీకి ఈ డబ్బాలో పడేసేరు. ఇది మీకిమ్మన్నారండి."

నూనె డబ్బాలో సగానికి ఇసక. ఇసకలో వరసగా సెల్లులు, నెంబర్లు పైకి.

మురళీమోహన్ లెక్కపెట్టాడు. ఇరవై ఆరూ ఉన్నాయి.

అందులో ఒక్కటి నల్లగా మాడి నిలువునా చీలిపోయి ఉంది. ఎర్ర ఇంకు కొంచెమే మిగిలింది. పద్నాలుగు.

పద్నాలుగు నూకయ్యకిచ్చింది.

"ఆయనేరీ?" అని అరిచాడు.

"కాకినాడ బస్సెక్కేసుంటారండి. భోంచేసి వెళ్ళమన్నా ఆగలేదు."

"ఎందుకంట అంత తొందర?"

అనురాధ గొంతు తగ్గించింది.

"ఆస్పత్రిలో రేపు పొద్దున్నే కొడుకు కళ్ళకి కట్లు విప్పుతారంటండి... 'మా నూకయ్యకి నేను కనపడతానో లేదో చూసుకోవాలమ్మా' అన్నారు."