ఎనిమిది మెట్లు

“ఈ ఎనిమిది మెట్ల పక్కన ర్యాంపు కట్టించండి సార్. మా క్లాసువాళ్లమంతా కలిసి కూర్చునే గది పైనే ఉంది,” అంటూ మా మనవరాలు ఉమాశ్రీ చక్రాల కుర్చీలోంచి యూనివర్సిటీ రిజిస్ట్రారుగారికి అర్జీ ఇచ్చింది.

పొద్దున దాని మీద నన్నూ వేలిముద్ర వెయ్యమంది. నేనుండగా ర్యాంపెందుకని నేను వెయ్యలేదు.

రిజిస్ట్రారుగారు నవ్వారు. “మీ తాతగారు రోజూ ఎత్తుకెళ్తున్నారుగా తల్లీ! ఇంకా ర్యాంపెందుకు?”

“అదీ! గుడివాడ మిల్లులో బస్తాలు మోసినవాణ్ణండీ,” అన్నాను గర్వంగా.

“అయితే తాతయ్యా, సార్‌నీ ఓసారి పైకి చేర్చు,” అంది ఉమ.

అనడమే ఆలస్యం, ఆయన్ని చంటిపిల్లాడిలా ఎత్తేశాను.

“దించవయ్యా బాబూ! పిల్లలు ఫోన్లు తీస్తున్నారు, పరువు పోతోంది!” ఆయన కాళ్లు కొట్టుకున్నారు. చెప్పొకటి జారి కింద పడింది.

“కదలకండి సార్. బస్తాలు ఇలా కదలవండీ.”

“నాకు రోజూ అలాగే ఉంటుంది సార్,” అంది ఉమ మెల్లగా.

ఆయన కదలడం మానేశారు. నేను నాలుగో మెట్టు మీదే ఆగిపోయాను. రెండేళ్లుగా మోస్తున్నాను, ఈ మాట నాతో ఒక్కనాడూ అనలేదు.

ఆయన్ని కిందికి తెచ్చి దించాను. ఒంటి చెప్పుతోనే అర్జీ మీద సంతకం పెట్టారు.

“సార్, ఆ పెన్ను కాస్త నా బొటనవేలికి రుద్దండి,” అన్నాను.