పొగ లేని మంట

"పొగ ఎటు పోతది?" కమరున్నీసా మళ్ళీ అడిగింది.

హాలు గోడలో అమర్చిన గ్యాస్ ఫైర్‌ప్లేస్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పైపు బిగింపులకు సబ్బునురగ రాసి చూస్తున్న చైనీస్ మెకానిక్‌కి తెలుగు రాదు. ఆమె భర్త అబ్దుల్ ఖాదిర్ ఆ ప్రశ్నను ఇంగ్లీషులో అడిగాడు. దీనికి పొగగొట్టం అక్కర్లేదని, గ్యాసు శుభ్రంగా మండిపోతుందని మెకానిక్ చెప్పాడు. అయితే మంట వెలిగినంతసేపూ కిటికీ తెరిచే ఉంచాలన్నాడు. కర్టెన్లు దూరంగా జరపమన్నాడు. గంటల తరబడి వెలిగించొద్దన్నాడు. చివర్లో గోడకు ఓ చిన్న అలారం బిగించాడు. గాలిలో విషవాయువు చేరితే అది కూస్తుందట. ఆ వాయువుకి రంగూ వాసనా ఉండవు కనక ముక్కును కాదు, అలారాన్నే నమ్మండని మరీ మరీ చెప్పి వెళ్ళాడు.

సింగపూర్‌లో చలిమంటేమిటని ఎవరైనా నవ్వుతారు. కానీ అవి కంప్యూటర్ చదువుకి కనకవర్షం కురుస్తున్న రోజులు. ఖాదిర్ రాఫెల్స్ ప్లేస్‌లో ఓ బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ రాసేవాడు. ఆఫీసు పని మీద లండన్ వెళ్ళినప్పుడు పై అధికారి ఇంట్లో చూసిన మంట అతని మనసులో నిలిచిపోయింది. ఊరికి ఉత్తరాన యూ టీ అనే పేట వైపు సొంతిల్లు కొనగానే హాల్లో ఓ పక్క ఏసీ, దానికి ఎదురుగా ఈ మంట పెట్టించాడు.

కమరున్నీసా భయం వేరు. ఆమె పెళ్ళికి ముందు, హైదరాబాదులో పినతల్లి కూతురు గ్యాస్ గీజర్ వేసుకుని స్నానానికి వెళ్ళి మళ్ళీ రాలేదు. తలుపు పగలగొట్టి చూస్తే ఒంటి మీద చిన్న గాయమైనా లేదు. నిద్రపోతున్నట్టే ఉంది. అప్పట్నుంచీ మంటని చూస్తే కాదు, పొగ కనపడని మంటని చూస్తే ఆమెకి ఒళ్ళు జలదరిస్తుంది.

ఖాదిర్ సాయంత్రం ఇంటికి రాగానే మంట వెలిగించేవాడు. కమరున్నీసా తమ కూతురు తూబాని ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కనే కూర్చునేది. పాప కునికితే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది.

డిసెంబరు వానలు మొదలయ్యాయి. జల్లు సోఫా మీద పడుతోందని ఖాదిర్ కిటికీని సందు మాత్రం వదిలి మూశాడు. తర్వాత ఆ సందూ పోయింది. ఆమెకి తలనొప్పి పట్టుకుంది. కడుపులో తిప్పేది. కూరగాయలకని బయటికెళ్తే కాస్త తేలికపడేది, ఇంటికొస్తే మళ్ళీ మామూలే.

"అది ఆ మంటతోనే జీ. తీసేయిద్దాం," అంది.

"మెకానిక్‌ని మళ్ళా పిలిచి చూపిస్తి గదా. ఎక్కడా లీకు లేదన్నడు. నువ్వు ఊకె భయపడుతవ్," అన్నాడతను.

ఆ ఆదివారం అలారం కూసింది. కమరున్నీసా పాపని ఎత్తుకుని చెప్పుల్లేకుండా వానలో వీధిలోకి పరిగెత్తింది. ఇరుగుపొరుగు తలుపులు తెరిచి చూశారు. ఖాదిర్ సిగ్గుతో కుంచించుకుపోయాడు. పొయ్యి మీద పాలు మాడాయని, ఆ వాసనకే కూసిందని అందరికీ నచ్చజెప్పి, లోపలికొచ్చి అలారంలోంచి బ్యాటరీ తీసి పక్కన పడేశాడు.

పక్కింటి లీలావతి ఆంటీ ఆమెని తన ఇంట్లోకి తీసుకెళ్ళి తల తుడిచింది. తలనొప్పనీ, నీరసంగా కళ్ళు తిరుగుతున్నాయనీ ఆమె అంటే, వేడి టీ ఇచ్చి, ఇది ఎప్పట్నుంచని అడిగింది. నెల తప్పిందా అనీ అడిగింది. కమరున్నీసా లెక్క చూసుకుని, అవునంది. ఆంటీ ముఖం విప్పారింది.

"పిచ్చిపిల్లా, అది గ్యాసు కాదే. నువ్వు మళ్ళీ తల్లివి కాబోతున్నావు."

తూబా తర్వాత మరో బిడ్డ కోసం వాళ్ళు చేయని దువా లేదు. ఆ మాట వినగానే కమరున్నీసా ఆంటీ భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. ఇన్నాళ్ళ తలనొప్పీ, వికారమూ, నీరసమూ అన్నిటికీ అర్థం దొరికింది. మర్నాడు క్లినిక్‌లో డాక్టరమ్మ రక్తం తీసుకుని, సంగతి ఫోన్లో చెప్పిస్తానంది. ఖాదిర్ అంతదాకా ఆగలేదు. వచ్చేటప్పుడే మిఠాయి కొని ఆంటీ వాళ్ళింట్లో పంచేశాడు.

ఆ మరుసటి రోజు పొద్దుట్నుంచీ ఒకటే వాన. ఖాదిర్ ఆఫీసుకి వెళ్ళాడు. తూబా మంట కావాలని మారాం చేస్తే, కమరున్నీసా మొదటిసారి తన చేత్తో తనే వెలిగించింది. ఈదురుగాలి కడుపులో బిడ్డకి మంచిది కాదని కిటికీలన్నీ బిగించింది. మధ్యాహ్నం దాటినా ఆర్పలేదు. ఇన్నాళ్ళూ దీన్ని చూసి వణికినందుకు ఆమెకే నవ్వొచ్చింది.

"మమ్మీ, స్లీపీ లా," అని సింగపూర్ యాసలో గునుస్తూ తూబా అన్నం ముట్టకుండానే తివాచీ మీద వాలిపోయింది. ఆమె దుప్పటి కప్పింది.

తనకీ తల బరువెక్కుతోంది. కడుపులో తిప్పుతోంది. ఇప్పుడు ఆ వికారం కూడా ఆమెకి ముద్దుగానే ఉంది. పొట్ట మీద చెయ్యి వేసుకుని, కళ్ళు మూసుకుంది.

ఫోను మోగింది. లేవబోతే కాళ్ళు తేలిపోయాయి. గోడ పట్టుకుని వెళ్ళి, చాలాసేపటికి అందుకుంది. అవతల క్లినిక్ అమ్మాయి. ఆమె పేరూ పుట్టిన తేదీ అడిగి, రిపోర్టు వచ్చిందని చెప్పింది.

"చెప్పండి," అంది కమరున్నీసా, నిద్రలోకి వాలిపోతున్న పెదవులతో నవ్వుతూ.

"మీరు గర్భవతి కాదు."