గేటు ముందు కొంగ

సాయంత్రం గేటు ముందు ఎవరో మనిషి కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు.

కిటికీ పక్కన కుట్టుమిషను తొక్కుతున్న ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మెడ చాచి, గడ్డం పైకెత్తి అలాగే ఉండిపోయాడు. కాసేపటికి కళ్ళు తెరిచి, సెల్‌ఫోను నోటి దగ్గర పెట్టుకుని ఏదో ఒక్క మాట గొణిగాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

ఆమె పరుగున వెళ్ళి, వాకిట్లో ఆడుకుంటున్న కూతుర్ని లోపలికి లాక్కొచ్చి గడియ పెట్టింది.

వీధిలో వాళ్ళది చివరి ఇల్లు. వెనక గోడ దాటితే ఎముకలు ఉడకబెట్టి జిగురు తీసే ఫ్యాక్టరీ. పొద్దు వాలేసరికి అక్కడ పెద్ద తొట్ల మూతలు తీస్తారు. ఇక ఆ కంపు సంగతి చెప్పనక్కర్లేదు. నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోతుంది. పాపకి దగ్గు మొదలైతే పెదాలు నల్లబడేదాకా ఆగదు. ఇల్లన్నా మారండి, ఆ కంపన్నా ఆపించండి అని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఇల్లు మారే తాహతు ఆమెకి లేదు.

అందుకే కాలుష్యం ఆఫీసులో అర్జీ పెట్టుకుంది. ఆఫీసర్లు కారేసుకుని వచ్చారు. వాళ్ళు వచ్చిన పూట తొట్లన్నీ మూతలు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాయి. గాలి బాగానే ఉంది కదమ్మా అని వాళ్ళు వెళ్ళిపోయారు. వీధిలో సగం మంది ఆ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళే. కబురు ఎవరు మోశారని ఎవర్ని అడుగుతుంది?

ఇప్పుడు ఈ మనిషొకడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. సరిగ్గా కంపు మొదలై, జనమంతా తలుపులు బిగించుకునే వేళకే వస్తాడు. దొంగకి అంతకన్నా మంచి వేళ ఏముంటుంది?

"కొంగజపం చేస్తున్నాడు, ఏ చేప కోసమో," అంది పక్కింటి వదిన.

ఆ రోజు నుంచి వీధిలో అతని పేరు కొంగ. అందరూ నవ్వుకున్నారు. ఆమెకి మాత్రం నవ్వు రాలేదు. ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే చేపపిల్ల.

ఓ రోజు ఆరేసిన బట్టలు తీసుకుని వచ్చేసరికి, అతను గేటు అవతల గొంతుక్కూర్చుని పాపతో మాట్లాడుతున్నాడు. రాత్రిళ్ళు కూడా దగ్గొస్తుందా అని అడుగుతున్నాడు. ఆమె పాపని చంకనేసుకుని లోపలికి పారిపోయింది.

ఆ కొంగకి విరుగుడు అనుకోకుండా దొరికింది.

ఇల్లు కంపు కొడితే బట్టలు కుట్టించుకునేవాళ్ళు మళ్ళీ రారని, ఆమె రోజూ గుమ్మంలో ఫినాయిలు చల్లేది. ఓ సాయంత్రం పని ఎక్కువై ఆలస్యంగా చల్లుతుంటే కొంగ వచ్చాడు. వచ్చినవాడు మొహం చిట్లించి, ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుని, వచ్చినదారినే వెళ్ళిపోయాడు.

ఆమె ఆ సంగతి వదినకి చెప్పింది. వదిన వీధంతటికీ చెప్పింది. పొద్దు వాలితే చాలు, గేటు గేటుకీ ఫినాయిలే. కొంగ వచ్చేవాడు, వీధి మొదట్లో నిలబడేవాడు, తల వేలాడేసుకుని వెళ్ళిపోయేవాడు.

ఓ సాయంత్రం మాత్రం తిన్నగా ఆమె గేటు దగ్గరికే వచ్చాడు. చేతులు జోడించాడు.

"అమ్మా, ఈ ఒక్క పూటా అది చల్లకండి. ఎందుకని అడగొద్దు, నేను చెప్పకూడదు."

చెప్పకూడదు అన్న ఆ మాటకే ఆమె ఇంకా బెదిరిపోయింది. మంచివాడికి దాచుకునే పనేముంటుంది? చేతిలో ఉన్న ఫినాయిలు సీసా మూత తీసింది. వెనక గుమ్మంలో పాపకి దగ్గు అందుకుంది. ఊపిరి అందక మెలికలు తిరిగిపోతోంది.

అతను గేటు గడియ మీద చెయ్యి వేశాడు.

"పాపని ఇలా ఇవ్వండి. ఈ గాలి తగలని చోటికి తీసుకెళ్తాను."

అంతే. సీసాలో ఉన్నదంతా ఆమె అతని మొహాన కొట్టింది.

అతను అరవలేదు. రెండు చేతుల్తో మొహం కప్పుకుని కూలబడ్డాడు. తర్వాత లేచి, గోడ తడుముకుంటూ వెళ్ళిపోయాడు. మగవాళ్ళు కర్రలు పట్టుకుని వచ్చేసరికి వీధిలో ఎవరూ లేరు. తల్లంటే నువ్వే అని అందరూ ఆమెని మెచ్చుకున్నారు.

కొంగ మళ్ళీ రాలేదు. కంపు మాత్రం రోజూ వస్తూనే ఉంది.

పాపకి జబ్బు ముదిరింది. ఆమె పాపని భుజాన వేసుకుని మళ్ళీ కాలుష్యం ఆఫీసుకి వెళ్ళింది. బల్ల వెనక ఆఫీసరమ్మ ఉంది. కంపుని కొలిచే మిషనేదైనా తెచ్చి పెట్టండమ్మా అని బతిమాలుకుంది.

"కంపుకి మిషన్లు చాలవమ్మా. పరీక్ష నెగ్గిన మనిషి ముక్కు కావాలి. మా ఆఫీసు మొత్తానికి అలాంటిది ఒక్కటే ఉండేది. ఆ పని కోసం ఆయన కాఫీ మానేశాడు, వాసన సబ్బు మానేశాడు. మీ అర్జీ మీద ఆయన్నే పంపాం. ఫ్యాక్టరీకి పొక్కకూడదని, ఎవరడిగినా చెప్పొద్దన్నాం. ఇంకొక్క సాయంత్రం అక్కడ నిలబడి ఉంటే ఆ తొట్లకి తాళం పడేది."

ఆమె పాపని గట్టిగా అదుముకుంది.

"ఆయన్నే... మళ్ళీ పంపండమ్మా," అంది ఎలాగో.

ఆఫీసరమ్మ తల అడ్డంగా ఊపింది. ఎవరో ఆయన మొహాన ఏదో కొట్టారట. ఎవరని ఎంత అడిగినా, చీకట్లో మొహం కనపడలేదనే చెబుతున్నాడట.

అప్పటికింకా చీకటి పడలేదని ఆమెకి తెలుసు.

"పంపినా లాభం లేదమ్మా," అంది ఆఫీసరమ్మ, "ఆ ముక్కుకి ఇప్పుడు ఫినాయిలు తప్ప ఇంకే వాసనా తెలియడం లేదు."