ఆమేన్ అనేలోపు

ముందుగా ఒక నిజం ఒప్పేసుకోవాలి. వాళ్ల డాడీ ప్రార్థన చేస్తున్నంతసేపూ ప్రిస్సిల్లా ఒక కన్ను తెరిచే ఉంచుతుంది. ఆ శనివారం ఒక్కరోజే రెండూ గట్టిగా మూసుకుంది.

"ఇదీ వద్దు," అంది తల్లి వసంతకుమారి, షోరూమ్‌వాళ్లు చూపించిన ఐదో కారు వెనక సీట్లోంచి దిగుతూ. "ఇక్కణ్ణుంచి రోడ్డే కనపడట్లేదు."

"వెనక కూర్చునేదానివి, నీకు రోడ్డెందుకు మమ్మీ? సీటు హైట్ చూడు. ఇరవై ఐదు ఇంచులు. నీ మంచం ఎంతుందో అంతే, టేపు పెట్టి కొలిచాను. మూలగకుండా దిగావా లేదా?"

"దిగాను. అద్దాలు మరీ చిన్నవి."

ప్రిస్సిల్లా ఫోన్‌లో స్ప్రెడ్‌షీట్ తీసి ఇంకో వరసకి ఎర్రరంగు వేసింది. తన పాత సెడాన్ కారు నేలకి అతుక్కున్నట్టుంటుంది. అందులో ఎక్కి దిగలేను, మోకాళ్లు పట్టేస్తున్నాయని తల్లి ఆరు ఆదివారాలుగా చర్చికి రావడం లేదు. ఆమె లేక స్త్రీల పాటల బృందం తలో శ్రుతిలో పాడుతోంది. అమెరికాలో షికాగో దగ్గరున్న ఈ నేపర్‌విల్‌లో ఆదివారం కార్లు అమ్మరు, షోరూమ్‌లన్నీ రేపు మూసేస్తారు. ఇవాళ కారు దొరక్కపోతే ఏడో ఆదివారం కూడా పోయినట్టే.

సేల్స్‌మన్ రాజ్ ఆరో కారు చూపించాడు. పక్క ఊరు అరోరాలో పుట్టి పెరిగిన తెలుగబ్బాయి. "ఆంటీ, ఇది హైబ్రిడ్. స్లోగా వెళ్తే ఓన్లీ బ్యాటరీ, సౌండ్ రాదు. లాట్‌లో ఇది ఒక్కటే ఉంది. త్రీకి ఇంకో ఫ్యామిలీ వస్తారు."

వసంతకుమారి ఎక్కింది, దిగింది, చుట్టూ ఓసారి తిరిగింది. ముందు సీట్లోకి తొంగి చూసింది. "ఇది బాగుంది."

"హమ్మయ్య. సైన్ చేసేద్దాం పదండి," అంది ప్రిస్సిల్లా. టైమ్ రెండూ నలభై.

పక్కనే ఉన్న ప్రిస్సిల్లా తండ్రి, దైవాశీర్వాదం, చెయ్యెత్తాడు. "ఆగమ్మా. ప్రార్థన లేకుండా సంతకమా?"

"డాడీ, చిన్నది చేయండి. వాళ్లొచ్చేస్తారు."

"చిన్నదే."

ఈ సంఘ పెద్దగారి చిన్న ప్రార్థనకి ఎన్ని బిర్యానీలు చల్లారిపోయాయో చర్చిలో అందరికీ తెలుసు. అయినా ఈ కారు చేజారకూడదని ప్రిస్సిల్లా ఈసారి మనస్ఫూర్తిగా కళ్లు మూసుకుంది. ఆయన బైబిల్లోని ఓడ దగ్గర మొదలుపెట్టి, అగ్నిరథం మీదుగా, నాలుగు టైర్లనీ విడివిడిగా దీవించి, బ్యాటరీ దగ్గరికొచ్చాడు.

"చప్పుడు లేని ఈ వాహనాన్ని మా కళ్లెదుట నిలిపినందుకు నీకు స్తోత్రం తండ్రీ. ఆమేన్."

కళ్లు తెరిచారు. ఎదుట వాహనం లేదు.

"వాళ్లకిచ్చేశాడు," అంది ప్రిస్సిల్లా. "చూశావా మమ్మీ..."

మమ్మీ కూడా లేదు.

వెనక హారన్ మెల్లగా మోగింది. కార్లు నిలిపే లాట్ చుట్టూ ఓ రౌండ్ కొట్టిన కారు వచ్చి వాళ్ల పక్కనే ఆగింది. పక్క సీట్లో రాజ్, రెండు చేతులతో సీట్ బెల్ట్ పట్టుకుని. స్టీరింగ్ దగ్గర వసంతకుమారి.

"మమ్మీ, లైసెన్స్..."

"నిన్న పాసయ్యాను. మీరిద్దరూ చర్చికెళ్లిన ఆరు ఆదివారాలూ పక్కింటి సుమతిగారు నేర్పించారు. మోకాళ్లకేం, నిక్షేపంగా ఉన్నాయి. ఎక్కండి, వెనక సీటు మీకెలా ఉందో చెప్పండి."

మీ ఇంట్లో కూడా సరిగ్గా ఆదివారాలే ఎవరికైనా మోకాళ్లు పట్టేస్తుంటే, కాస్త కనుక్కుని మాకూ చెప్పండి.