రఫూ

దిండు వచ్చి కుట్టుమిషన్ మీద పడింది. సూది విరిగింది.

“ఎవలు ఉతుకుమన్నరే దీన్ని?” గడపలో నిలబడి అడిగింది లస్మవ్వ.

సోనాలి కుట్టే దిండ్లకు నార్పోలి మగ్గాల బస్తీలో పేరుంది. పోయినవాళ్ల బట్టలు తెచ్చిస్తే, పట్టుకుని పడుకునేలా దిండు చేసిస్తుంది. లస్మవ్వ కొడుకు దత్తాత్రి శేఠ్ కార్ఖానాలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపేవాడు. నెల క్రితం తనుండే ఖోలీ గదిలో ఛాతినొప్పి వచ్చి పోయాడన్నారు. వారం కింద ఆమె అతని చొక్కాను కొంగులో దాచి తెచ్చింది.

“ఉతకకు. కత్తెర పెట్టకు. గిట్లనే దిండు లోపట పెట్టి కుట్టు. ఎవ్వలకు చెప్పకు, మా ఇంట్లకు వచ్చిపోయెటోళ్లు ఎక్కువైండ్రు,” అని చెప్పి వెళ్లింది.

కొడుకు పోయిన దుఃఖంలో ఏదో అంటోంది అనుకుంది సోనాలి. కంటికి కనబడని చొక్కాతో ఏం ఊరట? అందుకే చొక్కానే దిండు గలీబుగా మలిచింది. జేబు సరిగ్గా చెంప ఆనే చోటికి వచ్చేలా చూసింది. చేతులు రెండూ వదులుగా వదిలింది, పడుకుంటే తల్లి భుజం మీద పడాలని. నల్లటి ఆయిల్ మరకలు సోడా వేసి మూడుసార్లు ఉతికితే గానీ పోలేదు. ఎడమ చెయ్యి మోచేతి నుంచి భుజం దాకా పీలికలై ఉంది. దానికే రెండు రోజులు పట్టింది. పోగూ పోగూ కలిపి రఫూ చేశాక, చినుగు ఎక్కడుందో తనకే దొరకలేదు.

“కండ్లు గుంజంగ కుట్టిన పెద్దమ్మా. నచ్చకుంటే నచ్చలేదను, మిషన్ మీద ఇసిరేసుడేంది?”

“మస్తు సక్కగ కుట్టినవ్. నీ సక్కదనం ఎవలడిగిండ్రు?”

“మరి మురికి చొక్కా ముంగట పెట్టుకుని ఏడుస్తవా?”

“విప్పు.”

“ఏంది?”

“రఫూ విప్పు. ముందుగాల ఎట్లుండెనో గట్ల చెయ్యి. మరకలు తే.”

“పోయిన మరకలు ఎట్ల తేవాలె? పాగల్ అయినవా?” సోనాలి లేచింది. ఇక ఊరుకోదలచుకోలేదు. “కొడుకు యాదికి గా చినుగే కావాల్నా నీకు?”

లస్మవ్వ దిండు లాక్కుంది. ఎడమ చెయ్యి పొడవునా వేళ్లతో తడిమింది. మళ్లీ తడిమింది. ఏమీ దొరకలేదు.

“ఛాతినొప్పని శేఠ్ డాక్టరుతోని రాయించిండు గని, నా కొడుకును తిరిగే సాంచా పట్టా గుంజుకున్నదని రేపు కోర్టుల సూపెట్టెటందుకు నాకు మిగిలింది గా చినుగొక్కటే.”